సొరచేప వీపు మీద పంచాంగం

"సార్, చెరువుల ఫోన్ పడితే సిగ్నల్ పోతది గదా. మరి సముద్రంల మునిగిన సొరచేప యాడ తిరుగుతుందో వీళ్లకెట్ల తెలుస్తది?"

మా నల్గొండ బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. దక్షిణాఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఈదిన ఒక సొరచేప గురించి చెబుతున్నాను. దాని వీపుకు ట్యాగు తగిలించారు అన్నాను. ఆ ఒక్క మాటతో ఆమె తృప్తి పడలేదు. పడకపోవడమే సరైనది. జీపీఎస్ తరంగాలు ఉప్పునీటిలో కొన్ని సెంటీమీటర్ల లోతుకే అణగారిపోతాయి. నెలల తరబడి పైకి రాని చేప ఎక్కడుందో ఉపగ్రహానికి తెలిసే దారి లేదు.

మరి ఆ ట్యాగు ఏం చేస్తుంది? పొద్దు ఎప్పుడు పొడిచింది, ఎప్పుడు కుంకింది అని రోజూ రాసుకుంటుంది. అందులో ఒక గడియారం, వెలుగును కొలిచే చిన్న కన్ను, లోతును, నీటి వేడిని కొలిచే సాధనాలు ఉంటాయి. చిరునామా చెప్పడానికి గడియారం, కన్ను దాదాపు సరిపోతాయి.

మన ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగం సంగతి చూడండి. ఊరు తెలిస్తే సూర్యోదయం ఎన్ని గంటలకో లెక్క కట్టి చెబుతుంది. ఒక ఊరి పంచాంగాన్ని మరో ఊరికి వాడాలంటే దేశాంతర సంస్కారం, అంటే రేఖాంశపు తేడాకు సవరణ, చేయాలి. ట్యాగు చేసే పని ఇదే, కాకపోతే తిరగేసి. సూర్యోదయం తెలుసు, ఊరు తెలియదు. సమయం నుంచి ఊరిని రాబట్టాలి.

ఏప్రిల్ 15న నల్గొండలో సూర్యోదయం 5.57కు, సూర్యాస్తమయం సాయంత్రం 6.29కి. రెండింటికీ సరిగ్గా నడుమ 12.13. అదే అసలైన మిట్టమధ్యాహ్నం. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే, సున్నా డిగ్రీల రేఖాంశం మీదున్న గ్రీనిచ్ సమయం 6.43. అంటే గ్రీనిచ్‌లో మధ్యాహ్నం కావడానికి ఇంకా 5 గంటల 17 నిమిషాలు ఉండగానే మనకు అయిపోయింది. మొత్తం 317 నిమిషాలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 317ను 4తో భాగిస్తే 79¼. అట్లాస్ తీసి చూడండి, నల్గొండ రేఖాంశం అదే. ఎవరినీ అడగలేదు, ఉపగ్రహం వైపు చూడలేదు. ఒక గడియారం, రెండు సంధ్యలు చాలాయి.

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి చింతచెట్టు కింద దయ్యాలు తిరుగుతాయని మా ఊళ్లో పిల్లల్ని ఇప్పటికీ భయపెడతారు. నల్గొండలో సూర్యుడు నడినెత్తి గీత దాటేది పన్నెండింటికి కాదు. ఫిబ్రవరి మధ్యలో 12.27కు, నవంబరు మొదట్లో 11.57కు. భూమి కక్ష్య కొంచెం సాగి ఉండటం వల్ల, అక్షం వాలి ఉండటం వల్ల ఏడాది పొడుగునా ఈ అరగంట ఊగిసలాట ఉంటుంది. ట్యాగు లెక్కలో దీన్ని సవరించకపోతే సొరచేప వందల కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. రాహుకాలాన్నీ పండితులు ఆ ఊరి సూర్యోదయం నుంచే గుణిస్తారు. దాని ఫలితం మీద నాకు నమ్మకం లేదు. ఆ గుణకారం మీద మాత్రం చాలా గౌరవం ఉంది. మన దేశ సమయానికి ఆధారం '82½ డిగ్రీల తూర్పు రేఖాంశం' అని పాఠ్యపుస్తకంలోంచి పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. ఒక కర్ర పాతి నీడ కొలవమని మాత్రం చెప్పం. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

అందుకే ఒక పని చేశాం. ఆ అమ్మాయి మేనత్త మహబూబ్‌నగర్‌లో ఉంటుంది. ఒకే సాయంత్రం ఇక్కడ మేం, అక్కడ ఆమె సూర్యుడు మునిగిన క్షణాన్ని ఫోన్లలో రాసుకున్నాం. తేడా ఆరు నిమిషాలు వచ్చింది. మన అక్షాంశం దగ్గర ఒక నిమిషం అంటే సుమారు 26 కిలోమీటర్లు. ఆరు నిమిషాలంటే 156. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే దూరం 136 కిలోమీటర్లు, రావాల్సిన తేడా ఐదు నిమిషాలు. ఆ ఒక్క నిమిషం ఎందుకు ఎక్కువ వచ్చిందని పిల్లలు గంటసేపు వాదించుకున్నారు. గుట్ట అడ్డం వచ్చిందా, మబ్బా, దుమ్మా, అత్తమ్మ గడియారమా? సముద్ర శాస్త్రజ్ఞులు రోజూ పడే తంటా కూడా ఇదే.

తూర్పు పడమరలు ఇలా తేలతాయి. ఉత్తర దక్షిణాలకు పగటి పొడవు కావాలి, పంచాంగంలో దినప్రమాణం అంటారే, అది. జూన్ 21న నల్గొండలో పగలు సుమారు 13 గంటల 8 నిమిషాలు. ఢిల్లీలో దాదాపు 14 గంటలు. పగలు ఎంత పొడవో తెలిస్తే ఏ అక్షాంశమో తెలుస్తుంది. అయితే మార్చి, సెప్టెంబరు నెలల్లో విషువత్తుల దగ్గర ఈ పద్ధతి కూలిపోతుంది. ఆ రోజుల్లో నల్గొండైనా, ఢిల్లీ అయినా, లండన్ అయినా పగలు దాదాపు 12 గంటలే. అప్పుడు సొరచేప భూమధ్యరేఖ దగ్గరుందో, దక్షిణాన చలి నీళ్లలో ఉందో వెలుగు చెప్పలేదు. ట్యాగు రాసుకున్న నీటి వేడిని, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు పైపొర వేడితో పోల్చి చేపను సరైన పట్టీలోకి తెస్తారు.

ఇంకో చిక్కు, నీరు వెలుగును మింగేస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఎరుపు ముందు పోతుంది, నీలం అన్నిటికన్నా ఎక్కువ దూరం దిగుతుంది. అందుకే ట్యాగు కన్ను నీలి వెలుగును బాగా పట్టేలా చేస్తారు. లోతు కూడా నమోదవుతుంది కాబట్టి, ఆ లోతులో ఎంత వెలుగు తగ్గాలో లెక్క కట్టి సరిచేస్తారు. సరిగ్గా తెల్లవారే వేళకే చేప లోపలికి దిగిందంటే ఆ రోజు సూర్యోదయం తప్పుగా పడుతుంది. మన పిల్లల గుట్ట లాంటిదే ఆ లోతు.

ముందే పెట్టిన తేదీ రాగానే ట్యాగు తన కొక్కెం దగ్గరి సన్నని లోహపు ముక్కలోకి విద్యుత్తు పంపుతుంది. ఉప్పునీటిలో అది తుప్పు పట్టి తెగిపోతుంది. ట్యాగు నీటి పైకి తేలి, దాచుకున్న లెక్కల సారాన్ని ఆర్గోస్ ఉపగ్రహాలకు పంపుతుంది.

నేను పిల్లలకు చెప్పిన సొరచేప పేరు నికోల్, పెద్ద తెల్ల సొర. 2003 నవంబరులో దక్షిణాఫ్రికా తీరంలో ట్యాగు వేశారు. 99 రోజుల తర్వాత ఆ ట్యాగు పశ్చిమ ఆస్ట్రేలియా దగ్గర తేలింది. 11,000 కిలోమీటర్ల ప్రయాణం. దారిలో 980 మీటర్ల లోతుకు, 3.4 డిగ్రీల చలి నీటిలోకి దిగింది. 2004 ఆగస్టులో అదే చేప మళ్లీ దక్షిణాఫ్రికాలో కనిపించింది. అప్పటికి ట్యాగు లేదు. వీపు రెక్క అంచున ఉన్న గంట్లను పాత ఫోటోలతో పోల్చి గుర్తుపట్టారు. మన గొల్లకురుమలు చెవి గంటు చూసి ఏ మంద గొర్రెనో చెప్పినట్టే.

గుర్తు పెడితే కదలికే కాదు, సంఖ్య కూడా తెలుస్తుంది. చెరువులో 100 రవ్వ చేపలకు గుర్తు పెట్టి వదలండి. కొన్నాళ్లకు వల వేస్తే 80 పడ్డాయి, అందులో గుర్తున్నవి 4. పడ్డవాటిలో ఇరవయ్యో వంతు మనవే అయితే, చెరువు మొత్తంలో సుమారు 2,000 ఉన్నట్టు. అలుగు పారి చేపలు బయటికి పోతే లెక్క చెడుతుంది. సముద్రానికి ఎప్పుడూ అలుగు పారుతూనే ఉంటుంది కాబట్టి, వచ్చేవి, పోయేవి, చచ్చేవి కలుపుకునే పెద్ద లెక్కలు కావాలి. అమెరికాలో 1962లో మొదలైన ఒక పథకంలో జాలర్లే 2 లక్షలకు పైగా సొరలకు గుర్తులు పెట్టారు. 13 వేలకు పైగా తిరిగి దొరికాయి.

కొన్నిటికి గుర్తు పెట్టే పనే లేదు. తిమింగల సొర ఒంటి మీద తెల్లని చుక్కలుంటాయి, ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. నక్షత్రాల పటాలను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు 1986లో తయారు చేసుకున్న గణితాన్నే 2005లో ఈ చుక్కలకు వాడారు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఇలాంటి సొర కొట్టుకొస్తే, మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి లోతు నీళ్లలోకి పంపారు. దాని చుక్కల ఫోటో ఒకటి ఉంటే చాలు, ఇంకెక్కడ కనిపించినా గుర్తుపట్టవచ్చు.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి మళ్లీ చేయెత్తింది. "బురదల పండుకునే చేపకు పొద్దే కనబడదు గదా సార్?"

కోస్తా జాలర్లు టేకు అని పిలిచే చదునైన చేపలు (ఇంగ్లీషులో రే) అలాంటివే. అడుగున ఇసుకలో, బురదలో పడుకునే వాటికి వెలుగు లెక్క పనికిరాదు. వాటికి శబ్దం చేసే ట్యాగు పెడతారు. నీటిలో రేడియో చచ్చిపోతుంది గానీ శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అడుగున వరుసగా పాతిన వినికిడి యంత్రాలు, కొన్ని వందల మీటర్ల దూరంలోకి ఆ చేప వస్తే దాని సంకేతం విని, తేదీ, సమయం రాసుకుంటాయి. మనుషులకు ఆ శబ్దం వినిపించదు, ఒక్కో చేపకు ఒక్కో వరస. "మా తాత బర్రె మెడల గంట కట్టినట్టు" అని వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు అన్నాడు. కంప చెట్ల వెనక బర్రె కనబడకున్నా, గంట విని ఎటు పోయిందో వాళ్ల తాత చెప్పగలడట.