రాబందులు పోయాక వచ్చిన నిషేధాలు

పశువులకు నిమెసులైడ్ వాడకూడదని కేంద్రం 2024 డిసెంబరు 30న ఉత్తర్వు ఇచ్చింది. పశువులకు నొప్పి, వాపు తగ్గించే మందుల్లో రాబందుల్ని చంపుతుందని నిషేధం పడిన నాలుగోది ఇది. మొదటిది డైక్లోఫెనాక్.

1990లకు ముందు ఊరి బయట చచ్చిన గొడ్డును పడేస్తే రాబందుల గుంపు వాలి, గంటల్లో ఎముకలు మిగిల్చేది. ఆ దశాబ్దంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో అవి వరసగా చనిపోతున్నాయని పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించారు. 2007 నాటికి తెల్లవీపు రాబందులు 1992లో ఉన్నవాటిలో వెయ్యికి ఒకటి మిగిలాయి. ఏదో వైరస్ అనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన పక్షుల్ని కోసి చూస్తే గుండె మీదా కాలేయం మీదా సున్నం పూసినట్టు యూరిక్ యాసిడ్ పేరుకుని ఉంది. కిడ్నీలు పాడైపోయాయి. అమెరికా పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం 2004లో కారణం బయటపెట్టింది: డైక్లోఫెనాక్ ఇచ్చాక కొద్దిరోజుల్లో చనిపోయిన పశువుల మాంసం. రాబందులు ఇంతగా తగ్గిపోవడానికి ఇలాంటి కళేబరాలు నూటికి ఒకటి కూడా అక్కర్లేదు. రాబందు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు కాబట్టి ఆ నష్టం తేరుకునేది కాదు.

2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీ ఆపాలని ఆదేశాలొచ్చాయి, 2008లో గెజిట్ ప్రకటన వెలువడింది. దుకాణాల్లో అమ్మకం మాత్రం ఆగలేదు. మనుషుల కోసం చేసిన 30 మి.లీ. సీసా చవగ్గా దొరికేది, దాన్నే గేదెలకు పొడిచేవారు. ఈ దొడ్డిదారి మూయడానికి 2015 దాకా పట్టింది. మనుషుల ఇంజెక్షన్‌ను 3 మి.లీ. సీసాకు పరిమితం చేశారు. ఇప్పుడు ఒక్క గేదెకే బోలెడు సీసాలు పగలగొట్టాలి. కంపెనీలు కోర్టుకెళ్లినా మద్రాసు హైకోర్టు 2017లో ఈ నిబంధనను సమర్థించింది.

కీటోప్రొఫెన్ అనే మరో నొప్పి మందూ రాబందుల్ని చంపుతుందని 2009లోనే తేలింది. దాన్నీ ఎసిక్లోఫెనాక్‌నూ నిషేధించింది 2023 జులైలో. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. ఆ సంగతి తెలిసీ ఇన్నేళ్లు అమ్మనివ్వడం నాకు క్షమించరానిదిగా అనిపిస్తుంది.

జాప్యానికి మూలం చట్టంలోనే ఉంది. పశువుల మందులకు మనకు ప్రత్యేక చట్టం లేదు. మనుషుల మందుల్ని చూసే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టమే వీటికీ వర్తిస్తుంది. నిషేధాలన్నీ అందులో మందుల్ని నిషేధించే అధికారం కేంద్రానికిచ్చే 26ఎ సెక్షన్ కింద వచ్చినవే. అనుమతి ఇచ్చేటప్పుడు మందు పశువుకు పనిచేస్తుందా, హాని చేస్తుందా అని చూస్తారు. ఆ పశువు చచ్చాక తినే పక్షి సంగతి లెక్కలోకి రాదు. దాంతో ముందు అమ్మకం, తర్వాత చావులు, ఆ తర్వాత పరిశోధన, చివర్లో నిషేధం. ఈ వరస తిరగబడాలి.

మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్ రాబందులకు హాని చేయవని పరీక్షల్లో తేలింది. పశువుకు నొప్పి తగ్గాలంటే ఈ రెండూ ఉన్నాయి. మెడికల్ షాపులో రైతు వీటి పేరు చెప్పి అడగొచ్చు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఈ మందుల మాట ప్రతి పశువైద్యశాలలో గట్టిగా చెప్పాలి.