సంబురంల ఒక తిరుగుడున్నది

పెద్దబిడ్డకు, చిన్నోనికి తాత దీవెనలు.

నోటుబుక్కుల ‘బతుకమ్మ సంబురం’ అని రాస్తే సారు ‘బు’ కొట్టేసి ‘బ’ దిద్దిండని, ఏది ఒప్పో చెప్పమని ఫోన్ల అడిగినవు కద బిడ్డా. ఫోన్ల చెప్తే సగం గాలికి పోతది. అందుకే రాస్తున్న.

రెండూ ఒప్పే. పుస్తకాలల్ల ‘సంబరం’, మన నల్లగొండ దిక్కు నోట్లె ‘సంబురం’. ఒక్కసారి ‘బ’ అని చూడు. పెదవులు రెండూ కలుస్తయి. విడిపోయేటప్పుడు కొంచెం గుండ్రమైతే ‘బు’ అయితది. పరీక్షల సారు చెప్పినట్టే రాయి. ఇంటికొచ్చినప్పుడు నాయనమ్మ అన్నట్టు అను.

అసలు ముచ్చట వేరే ఉన్నది. ఆ మాట సంస్కృతం ‘సంభ్రమం’ నుంచి వచ్చింది. దాని లోపల ఉన్నది తిరుగుడు. మీ పుస్తకంల భూభ్రమణం అని ఉంటది చూడు, ఆ భ్రమణమే ఇది. పువ్వు చుట్టు తిరిగే తుమ్మెద భ్రమరమైంది కూడ అట్లనే. సంభ్రమమంటే తొందర, ఆత్రం, కాలు ఒక్కకాడ నిలవకపోవుడు.

బొంగరం యాదికి తెచ్చుకోండ్రి. మా చిన్నప్పుడు వడ్లాయన తుమ్మకట్టెతోటి చేసిచ్చేటోడు. తాడు ఎంత బిగ్గ చుడితే అంతసేపు తిరిగేది. బతుకమ్మకు ముందు రోజులు ఆ తాడు చుట్టుడే. చెల్కల పొంట తంగేడు తెంపుడు, గునుగు పూలకు రంగులద్దుడు, ఆడబిడ్డల కోసం బస్సు దిక్కు చూసుడు. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, తాడు గుంజుతరు. తొమ్మిది రోజులు తిరుగుతది. బొంగరానికి నడుమ మేకు, ఇక్కడ నడుమ బతుకమ్మ. మంచిగ తిరిగే బొంగరం కదులుతున్నట్టే కనపడదు, గుయ్‌మని చప్పుడొక్కటే వినపడతది. ఆఖరి రోజు, సద్దుల నాడు, వాకిట్ల ఆడోళ్ల చప్పట్లు కూడ నాకు అట్లనే వినపడతయి.

పండుగ పంచాంగంల ఉంటది. సంబురం ఉండదు. నాకు పదేండ్లప్పుడు వరుసగ రెండేండ్లు కాలం కాలేదు. చెరువుల పశువులు మేసినయి. మూడో ఏడు ఒక రాత్రంత వాన కొట్టింది. తెల్లారకముందే చెరువు నీళ్లు చూసే నీరటాయన ఉరికొచ్చి ‘అలుగు పోసిందే!’ అని కేకేసిండు. చెరువు నిండి పొర్లిందన్నట్టు. ఎవ్వలు పొయ్యి ముట్టియ్యలే. మా అవ్వ పసుపుకుంకుమ కొంగుల కట్టుకొని చెప్పుల్లేకుండ కట్టమీదికి నడిచింది. నీళ్లకు ఎదురెక్కే చాపలను పిలగాళ్లం ఒట్టిచేతులతోటి పట్టబోయి పడ్డం. ఎన్నడు నవ్వని మా నాయన మొలలోతు నీళ్లల్ల నిలబడి నవ్విండు. ఆ రోజు ఏ పండుగా లేదు. ఇంటికొచ్చి అవ్వ ఒక్కటే మాటన్నది: ‘ఎంత సంబురమాయె కొడుకా!’

శ్రీకాకుళం, విజయనగరం దిక్కు ఊరి అమ్మవారి పండుగనే ‘సంబరం’ అంటరు. మనకాడ ఆవు ఈనినా సంబురమే, పోయిన పిలగాడు తిరిగొచ్చినా సంబురమే. ‘సంబురపడుడు’ అని కూడ అంటం. పడుడంటే చూడండ్రి, వానల తడిసినట్టు మనం దాంట్ల పడాలె. పోయిన్సారి మీరిద్దరు గుండ్రానికి బయట నిలబడి ఫోన్ల వీడియో తీసిండ్రు. వీడియో మంచిగొచ్చింది. కని ఈసారి ఫోను నాకియ్యండ్రి, నేను పట్టుకుంట.

సద్దుల నాడు ఒక పని చెయ్యండ్రి. నాయనమ్మ కాళ్లు చూడండ్రి. పొద్దంత మోకాళ్ల నొప్పులని గోడ పట్టుకొని నడుస్తది. చప్పట్లు మొదలైనంక ఆ కాళ్లు ఎట్ల తిరుగుతయో, ఆ నొప్పి ఎటు పోతదో నేను యాభై ఏండ్ల సంది చూస్తున్న. నాకు ఇంక అంతుబట్టలే.

గునుగు రెండు మోపులు తెచ్చి నీడకు పెట్టిన. సగమే రంగులద్దినం. తక్కినయి తెల్లగనే ఉన్నయి, మీ చేతుల కోసం.

మీ తాత