ఓజేటీ ఫీజు గొడవ వెనక: అంగన్‌వాడీ సంస్థా, కాదా?

ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్ చదివే ఇంటర్ ఒకేషనల్ అమ్మాయిల ఓజేటీ (ఆన్ ద జాబ్ ట్రైనింగ్, అంటే చదువులో భాగంగా పనిచోట నేర్చుకోవడం) గొడవ ఈ వారం మళ్లీ రాజుకుంది. గోదావరి డెల్టాలో ఒక ప్రైవేటు కాలేజీ ‘ప్లేస్‌మెంట్ ఖర్చులు’ పేరుతో డబ్బు వసూలు చేసింది. ఆ డబ్బు కట్టి ప్లేస్కూలుకు వెళ్లిన పిల్లలు అక్కడ పాటలు, ఆటలు నేర్పింది తక్కువ, టిఫిన్ గిన్నెలు కడిగి డైపర్లు మార్చింది ఎక్కువ. సంగతి ఇళ్లల్లో తెలిసి తల్లిదండ్రులు కాలేజీ మెట్లెక్కారు. ఎంత కట్టించుకున్నారు, రసీదు ఎందుకివ్వలేదు అన్న దగ్గరే రెండు రోజులుగా మాటలు తిరుగుతున్నాయి. రసీదు సంగతి ఆ తర్వాత చూడొచ్చు. ఊరూరా అంగన్‌వాడీ ఉండగా, చిన్నపిల్లల దగ్గర పని నేర్చుకోవడానికి ఈ అమ్మాయి డబ్బు కట్టి మరీ ప్లేస్కూలుకు ఎందుకు పోవాల్సొచ్చింది?

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం పుట్టుక, ఒకేషనల్ కోర్సుల పుట్టుక అందరికీ తెలిసిన కథలే. వాటిని దాటేసి 2022 ఏప్రిల్ 25కు వద్దాం. నా లెక్కలో ముడి పడింది, విప్పే వీలు దొరికింది కూడా ఆ రోజే.

గుజరాత్ అంగన్‌వాడీ మహిళల గ్రాట్యుటీ (కొలువు వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఓకా ధర్మాసనం ఆ రోజు తీర్పు చెప్పింది. అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ సివిల్ పోస్టు కాదని 2006లో కర్ణాటక కేసులో ఇదే సుప్రీంకోర్టు అన్న మాటను పట్టుకుని ప్రభుత్వాలు అప్పటిదాకా రోజులు నెట్టుకొచ్చాయి. మీరు ఉద్యోగులు కారు, మీకిచ్చేది జీతం కాదు గౌరవ వేతనం, మీది స్వచ్ఛంద సేవ... ఈ వరస. 2022 తీర్పు ఆ వరసను తెంపేసింది. గ్రాట్యుటీ చట్టం కింద అంగన్‌వాడీ కేంద్రం ఒక సంస్థేనని, ఇచ్చేది గౌరవ వేతనమని పిలిచినా అది వేతనం కిందికే వస్తుందని తేల్చింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ జరిగే ప్రీస్కూలు విద్యా కార్యకలాపమేనని కూడా చెప్పింది.

తీర్పు గ్రాట్యుటీ వరకేనని లాయర్లు అంటారు. నిజమే. కానీ సంస్థ, వేతనం, విద్య అనే మూడు మాటల్నీ ఒక్క చోట ఒప్పుకున్నాక, అక్కడ పని నేర్చుకునేవాళ్లకు కుర్చీ వేయం అనడానికి ఏం మిగిలింది? ఆంధ్రప్రదేశ్‌లో 55,607 కేంద్రాలున్నాయి. ప్రీస్కూలు శిక్షణకు ఇంతకన్నా పెద్ద బడి ఎవరి దగ్గరుంది?

పోలికకు బీఈడీని చూడండి. టీచర్ల చదువులను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. బీఈడీ చదివే అబ్బాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆ వారాలు గడిపితే ఎవరికీ వింతగా తోచదు. బడి బడే, హెడ్మాస్టరు హెడ్మాస్టరే. మూడేళ్ల పిల్లల దగ్గరికొచ్చేసరికే ఇది బడా, అన్నం పెట్టే చోటా అన్న పాత సందేహం తిరిగి లేస్తుంది. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవోలో అంగన్‌వాడీలకు శాటిలైట్ ఫౌండేషన్ స్కూలు అనీ, అక్కడి తరగతులకు పీపీ-1, పీపీ-2 (ప్రీ ప్రైమరీ) అనీ పేర్లున్నాయి. 2025లో ఆ జీవో పోయింది, పేర్లు ఉండిపోయాయి.

డబ్బు సంగతికి వస్తే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 1986లో సవరించి ప్లస్ టూ ఒకేషనల్ పాసైనవాళ్లను కూడా అందులోకి తెచ్చారు. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. మన వైపు ఆ వ్యవహారం చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అదంతా కోర్సు పాసయ్యాక. చదువుతుండగా మార్కుల కోసం చేసే ఓజేటీకి ఎవరి ఖర్చు ఎవరిదో అందులో లేదు. పోనీ పాసయ్యాక అయినా దారి ఉందా అంటే, 2019 రూల్స్ ప్రకారం 30 మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, నలుగురున్నా ఇష్టమైతే తీసుకోవచ్చు, అంతకన్నా తక్కువైతే కుదరదు. అంగన్‌వాడీలో ఉండేది ఇద్దరు: టీచరు, ఆయా.

ఇంకో లెక్క ఉంది. అదే 2019 రూల్స్‌లో ఒకేషనల్ అప్రెంటిస్‌కు కనీస స్టైపెండ్ 7,000 రూపాయలని పెట్టారు. అదే ఏడాది రాష్ట్రంలో అంగన్‌వాడీ ఆయాకు ఖరారైన గౌరవ వేతనమూ 7,000. టీచరుకు 11,500. నేర్చుకోవడానికొచ్చిన పిల్లకు, ఏళ్ల తరబడి ఆ గదిని ఊడ్చి పిల్లల ముక్కులు తుడిచిన మనిషికి ఒకే అంకె! మరి ఆ పిల్లకు పని నేర్పే టీచరుకు అదనంగా ఏమిస్తారు? ఏమీ లేదు.

గౌరవ వేతనం మీద ఉన్నవాళ్లు ఉద్యోగులు కారన్న ప్రభుత్వమే, 2023 డిసెంబర్ 12న మొదలైన సమ్మె సాగుతుండగా 2024 జనవరి 6న వాళ్ల మీద ఎస్మా (అత్యవసర సేవల చట్టం) పెట్టింది. 42 రోజుల సమ్మె అది. గ్రాట్యుటీ కూడా డిమాండ్లలో ఒకటి. తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందిని కూర్చోబెట్టిన కేంద్రాలు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. స్వచ్ఛంద సేవకులకు అత్యవసర సేవల చట్టం ఏమిటో అప్పుడూ ఎవరూ చెప్పలేదు.

గోదావరి పాయ వశిష్ఠకు ఈవల ఒక లంక ఊరి కేంద్రంలో ఈ మధ్య ఒక పూట కూర్చున్నాను. ఓజేటీ అమ్మాయి ఒకతె అక్కడికి వస్తోంది. ఏ ఉత్తర్వూ లేదు, టీచరుగారి మంచితనం మీద వస్తోంది. ఆ అమ్మాయి గచ్చు మీద సుద్దతో ‘5’ గీసి, దాని గీత వెంట పిల్లల చేత చింతపిక్కలు పేర్పిస్తోంది. పిక్కల సంచీ ఇంటి నుంచి తెచ్చుకున్నదే. చార్టులు, రంగు కాగితాలు, రికార్డు పుస్తకం కూడా సొంత ఖర్చే. గుమ్మం దగ్గర టీచరుగారు ఒక బాలింత ముఖానికి ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నారు. పౌష్టికాహారం ఇంటికివ్వాలంటే 2025 జులై నుంచి ముఖం సరిపోలాలి. లంకలో సిగ్నల్ ఉంటే సరిపోతుంది, లేకపోతే మళ్లీ మొదలు. ఆ అరగంటా పదిహేను మంది పిల్లలూ ఈ పద్దెనిమిదేళ్ల పిల్ల చేతిలోనే ఉన్నారు. అందులో ఒకడు చింతపిక్క ముక్కులో పెట్టుకోబోతే చటుక్కున లాగేసింది. ఏదన్నా జరిగితే పూచీ ఎవరిదన్నదే టీచరుగారి భయం. పై అధికారి సీడీపీవో ఇచ్చిన కాగితం ఒకటుంటే రోజూ రమ్మంటానంటారు ఆవిడ.

ఆ అమ్మాయి రాకపోకలకూ లెక్క ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు ఖర్చు లేదు. రేవులో పంటుకు ఉంది. రేవు దిగాక ఆటోకూ ఉంది.

ప్లేస్కూళ్ల వాళ్ల మాటా వినాలి కదా. కొత్తమ్మాయిని గదిలో పెడితే తల్లిదండ్రులు ఎవరీవిడ అని అడుగుతారు, ఆమె మీద ఒక కన్నేసి ఉంచడానికి ఇంకో టీచరు కావాలి, ఊరికే చేయలేం అంటారు. కాలేజీ వాళ్లేమో ప్లేస్కూలు అడిగిందే మేం వసూలు చేశాం అంటారు. రెండూ పూర్తిగా అబద్ధాలు కావు. అయితే గిన్నెలు కడిగించడానికి ఏ కన్నూ వేసి ఉంచక్కర్లేదు.

లంక కేంద్రం అమ్మాయి నెల తిరక్కుండానే డబ్బు కట్టి పట్నంలో ప్లేస్కూలుకు మారిపోయిందని తర్వాత తెలిసింది. ఓజేటీ హాజరు పట్టీ మీద ‘సంస్థ అధిపతి సంతకం, ముద్ర’ అని ఒక గడి ఉంటుంది. టీచరుగారు సంతకం చేశారు. ముద్ర లేదని కాలేజీలో పట్టీ తిరగ్గొట్టారు. ఆవిడ దగ్గర రబ్బరు స్టాంపు లేదు. ప్లేస్కూల్లో ఉంది.