కరెంటు లేదని తెలిసినా చెయ్యి స్విచ్ మీదికే

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు రాశారు. భర్త పోయి ఐదు నెలలయింది. ఇప్పటికీ పొద్దున్నే రెండు గ్లాసుల్లో కాఫీ పోస్తున్నారట. రెండో గ్లాసు నిండాక గాని గుర్తుకు రాదు. సాయంత్రం గేటు దగ్గర స్కూటర్ ఆగిన చప్పుడు వినబడుతుంది. ఆత్మ ఇంకా ఇల్లు వదల్లేదు, శాంతి చేయించమని ఆడపడుచు అంటారు. డాక్టరుకు చూపించుకోమని కొడుకు అంటాడు. “నాకు పిచ్చి పడుతోందా?” అని ఆమె ప్రశ్న.

లేదమ్మా. డెవి రీస్ అనే డాక్టరు బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో దాదాపు సగం మందికి పోయినవారు పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనబడడమో, మాట వినబడడమో జరిగింది. ఎక్కువమంది ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. శాంతి చేయిస్తే మనసు కుదుటపడుతుందనుకుంటే చేయించుకోండి. బతికున్నన్నాళ్లూ మంచిగా ఉన్న మనిషిని పోయాక దెయ్యంగా చూపించి భయపెట్టేవారికి మాత్రం దక్షిణ ఇవ్వకండి.

ఇంట్లో కరెంటు పోయిందనుకోండి. లైన్‌మన్‌కు ఫోన్ చేసింది కూడా మనమే. అయినా గదిలోకి అడుగు పెట్టగానే చెయ్యి స్విచ్ మీదికి పోతుంది. తెలిసిన విషయం మెదడులో ఒకచోట, అలవాటైన అంచనా మరోచోట ఉండడమే కారణం. మరణవార్త క్షణంలో చేరుతుంది. కానీ ముప్ఫై ఏళ్లపాటు ప్రతి సాయంత్రం నిజమైన అంచనా ఆ ఒక్క వార్తకు లొంగదు.

నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మెదడు శాస్త్రవేత్తలైన మోసర్ దంపతుల ప్రయోగశాల 2013లో చూపించిన విషయం నన్ను ఇప్పటికీ వదలదు. ఎలుక తిరిగే పెట్టెలో ఒక వస్తువు పెట్టి, తరవాత తీసేశారు. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కు సమాచారం అందించే భాగం పార్శ్వ ఎంటోరైనల్ కార్టెక్స్. అందులో కొన్ని నాడీకణాలు, ఎలుక ఆ ఖాళీ చోటికి వచ్చినప్పుడల్లా స్పందించాయి, అదీ రోజుల తరబడి. లేనిదాని చోటును గుర్తుపెట్టుకునే కణాలన్నమాట! ఇక వేళ సంగతి. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతులకు ఒక సంకేతం ఇచ్చి, కాసేపటికి పండ్లరసం ఇవ్వడం అలవాటు చేశారు. ఒకసారి రసం ఇవ్వకపోతే, అది రావలసిన క్షణానికి సరిగ్గా, మెదడులో ప్రతిఫలాన్ని అంచనా వేసే డోపమిన్ కణాల స్పందన మామూలు స్థాయి కంటే పడిపోయింది. కోతికి రసం, మనిషికి మనిషి ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ దుఃఖం రోజంతా ఒకేలా ఉండక, సాయంత్రం ఆరు గంటలకు ఎందుకు తన్నుకొస్తుందో అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే మంచి దారి దొరకలేదు.

మళ్లీ స్విచ్ దగ్గరికి వద్దాం. వంటింట్లో రెండుసార్లు నొక్కి భంగపడ్డ చెయ్యి అక్కడ ఊరుకుంటుంది. పడకగదిలోకి వెళ్తే మళ్లీ నొక్కుతుంది. పాత అంచనా చెరిగిపోదు. దాని పక్కన కొత్తది చేరుతుంది, అదీ నేర్చుకున్న చోటికే ఎక్కువగా కట్టుబడి ఉంటుంది. అందుకే ఇంట్లో నిబ్బరంగా తిరిగే మనిషి ఏదో పెళ్లిలో, బంతిలో పక్క ఆకు ముందు ఎవరో కూర్చోగానే భోరుమంటుంది. తిరుపతిలో ఏ మేడ ఎక్కినా కొండ కనబడుతుంది. ఇంట్లో మరణం జరిగితే ఏడాదిపాటు ఆ కొండ ఎక్కని కుటుంబాలు మాత్రం ఎన్నో. ఆచారం మంచిచెడ్డల జోలికి నేను పోను. సంవత్సరీకం అయ్యాక తొలిసారి దర్శనం క్యూలో కన్నీళ్లు ఆగకపోతే “ఏడాది దాటింది, ఇంకా ఏమిటిది?” అని పక్కవారు విసుక్కోవడమే అన్యాయం. ఆ గదిలో చెయ్యి స్విచ్ నొక్కడం అదే మొదటిసారి.

దుఃఖం ఐదు దశల్లో సాగుతుందంటారు కదా, ఆ సంగతి అడిగేవారు ఉంటారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో వాటిని చెప్పింది మరణానికి చేరువైన రోగుల గురించి. వాటిని మెట్లవరసగా బట్టీ పట్టించే పాఠాలకు సెలవిస్తే మంచిది.

మరి కౌన్సెలింగ్ ఎప్పుడు? ఆ గదుల్లోకి అసలు వెళ్లలేకపోతున్నప్పుడు. ఫోటో తిప్పి పెట్టడం, ఆ వీధి తప్పించుకుని నడవడం, తనలో సగం చచ్చిపోయిందనిపించడం, పోయినవారి కోసం తపన రోజూ తగ్గకపోవడం. ఇవి నెలల తరబడి బతుకును ఆపేస్తే దాన్ని దీర్ఘకాల శోక రుగ్మత అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కనీసం 6 నెలలు, అమెరికా మానసిక వైద్యుల లెక్కలో పెద్దవారికి 12. ఈ పన్నెండును సంవత్సరీకంతో ముడిపెట్టి వాట్సాప్‌లో తిప్పేవారికి ముందే దండం పెడుతున్నాను, అది కాకతాళీయం.

కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ షియర్ ఈ రుగ్మతకు రూపొందించిన చికిత్స పద్ధతిలో సుమారు 16 సెషన్లు ఉంటాయి. మరణం సంగతి తెలిసిన రోజు ఏం జరిగిందో కళ్లు మూసుకుని చెప్పించి, రికార్డు చేసి, ఇంట్లో వినమంటారు. తప్పించుకుంటున్న చోట్లకు కొద్దికొద్దిగా పంపిస్తారు. 2005 నాటి పరీక్షలో దీనితో 51 శాతం మంది తేరుకున్నారు, పోల్చి చూసిన మరో మాటల చికిత్సతో 28 శాతం. కుంగుబాటు మాత్ర కుంగుబాటును తగ్గిస్తుంది గాని, ఈ తపన మీద అదనంగా పెద్దగా పనిచేయలేదని 2016లో తేలింది.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదలలేనివారికి ఫోన్‌లో మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ ఉంది, నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆరు, పన్నెండు లెక్కలతో పని లేదు. ఆ గంటలోనే ఫోన్ చేయాలి.