మల్టిపుల్స్ తీసేయడం: శుభ్రమైన సెక్షన్ అంటే మంచి సెక్షనేనా?

భూమి లోపలి పొరల నుంచి తిరిగొచ్చే ధ్వనితో వాటి చిత్రం (సెక్షన్) తయారుచేసే సైస్మిక్ ప్రాసెసింగ్ మా పని. ఒక పొర నుంచి ఒక్కసారే తిరిగొచ్చేది ప్రైమరీ, మనకు కావాల్సింది అదే. నీటి ఉపరితలాన్ని తగిలి మళ్లీ కిందికి పోయి వచ్చే అదనపు ప్రతిధ్వని మల్టిపుల్. పోయిన వారం ఒక జూనియర్ దిగులుగా అడిగింది: "సార్, ఇంకా కొంచెం మల్టిపుల్ మిగిలింది. క్యూసీలో (నాణ్యత పరీక్షలో) వెనక్కి పంపేస్తారా? ఇంకా గట్టిగా తీసేయనా?" ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మల్టిపుల్ కాస్త మిగలడం వల్ల కంటే, దాన్ని తీసే ఆత్రంలో ప్రైమరీ పోవడం వల్ల జరిగిన నష్టమే నేను ఎక్కువగా చూశాను.

అపోహ: సెక్షన్ ఎంత శుభ్రంగా ఉంటే అంత మంచిది.

కాదు. ఎస్‌ఆర్‌ఎంఈ (ఉపరితలం వల్ల వచ్చే మల్టిపుల్స్‌ను తీసే పద్ధతి) డేటాను డేటాతోనే కన్వాల్వ్ చేసి (లెక్కతో కలిపి) మల్టిపుల్ ఎక్కడ రావాలో చెబుతుంది. భూమి లోపలి వెలాసిటీలు తెలియక్కర్లేదు, దాని బలం అదే. కానీ ఆ మోడల్‌లో వేవ్‌లెట్ (అల ఆకారం), ఆంప్లిట్యూడ్ (అల ఎత్తు) డేటాతో సరిపోలవు, అందుకే అడాప్టివ్ సబ్‌ట్రాక్షన్. అంటే మోడల్‌ను ఫిల్టర్‌తో డేటాకు సరిపోయేలా సర్ది, తర్వాత తీసివేయడం. గొడవంతా ఇక్కడే. ఫిల్టర్ పొడవు పెంచి, విండో (ఫిల్టర్‌ను ఒక్కోసారి లెక్కించే డేటా ముక్క) మరీ చిన్నది చేస్తే అది మల్టిపుల్‌తో ఆగదు, దాని మీదుగా పోతున్న ప్రైమరీని కూడా తినేస్తుంది. స్క్రీన్ మీద మాత్రం అందంగానే ఉంటుంది. బియ్యం చెరిగాక చేటలో మిగిలింది చూసి మురిసిపోతే చాలదు, కింద పడ్డ తాలులో గింజలు పోయాయేమో చూడాలి. డిఫరెన్స్ ప్లాట్ (తీసేసిన భాగాన్ని మాత్రమే చూపే చిత్రం) తెరవండి. స్టాక్ (రికార్డులన్నీ కలిపిన చిత్రం) మీదే కాదు, గ్యాదర్ల (కలపకముందు విడివిడి రికార్డుల) మీద కూడా.

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఒక లైన్ నాకు ఇప్పటికీ గుర్తు. నీటి లోతు సుమారు 1500 మీటర్లు. నీళ్లలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లు కాబట్టి, వెళ్లి రావడం కలిపి, సముద్రం అడుగు 2 సెకన్ల దగ్గర, మొదటి మల్టిపుల్ 4 సెకన్ల దగ్గర. మాకు కావాల్సిన ఇసుక పొర కూడా సరిగ్గా అక్కడే. డెడ్‌లైన్ టెన్షన్‌లో విండో తగ్గించాను. అందరూ బాగుందన్నారు. రెండు రోజుల తర్వాత డిఫరెన్స్ తెరిస్తే ఆ పొర ఉన్నదున్నట్టు అందులో ఉంది! దాని మీద ఏవీఓ (దూరంతో ప్రతిధ్వని బలం మారే తీరు చూసి పొరలో ఏముందో అంచనా వేయడం) చేసి ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మొత్తం మళ్లీ చేశాం.

అపోహ: అడుగుకు సమాంతరంగా, పొలారిటీ (అల పైకా, కిందికా అన్నది) తిరగబడి ఉంటే అది గ్యాస్ హైడ్రేట్ (మంచులా గడ్డకట్టిన గ్యాస్) ఉందని సూచించే బీఎస్‌ఆరే.

2006లో కేజీలో డ్రిల్లింగ్ చేసి గ్యాస్ హైడ్రేట్లు చూపించినప్పటి నుంచి ఈ పుకారు వదలడం లేదు. నీటి ఉపరితలం పొలారిటీని తిప్పేస్తుంది కాబట్టి మొదటి మల్టిపుల్ కూడా తిరగబడే వస్తుంది. టైమ్ చూడండి: మల్టిపుల్ సరిగ్గా రెట్టింపు టైమ్‌లో, రెట్టింపు వాలుతో ఉంటుంది.

అపోహ: రాడాన్ (మూవౌట్ తేడాను పట్టుకుని మల్టిపుల్‌ను విడదీసే పద్ధతి) ఒక్కటి చాలు.

దగ్గరి ఆఫ్‌సెట్లలో (ధ్వని మూలానికీ రిసీవర్‌కీ దూరం తక్కువున్న చోట) మూవౌట్‌లో, అంటే దూరంతో టైమ్ పెరిగే తీరులో, దాదాపు తేడాయే ఉండదు, రాడాన్ దేన్ని పట్టుకుని విడదీస్తుంది?

ఆ అమ్మాయి సాయంత్రానికి డిఫరెన్స్ ప్లాట్ పంపింది. గ్యాదర్లన్నీ తిరగేశాను. ప్రైమరీ ఎక్కడా పోలేదు. "సబ్‌ట్రాక్షన్ ముట్టుకోకమ్మా, మిగిలింది ఏ లైన్లో ఎక్కడుందో రిపోర్టులో రాసి పంపెయ్" అన్నాను.