కాగితాల గొడవ, ముఖాల మీద అనుమానం

1954లో అమెరికాలో మెక్సికన్ మూలాలవాళ్ల విషయంలో కొన్ని వారాల తేడాతో రెండు సంగతులు జరిగాయి.

మే 3న సుప్రీంకోర్టు హెర్నాండెజ్ వర్సెస్ టెక్సస్ కేసులో తీర్పు చెప్పింది. టెక్సస్‌లోని జాక్సన్ కౌంటీ జనాభాలో 14 శాతం మంది మెక్సికన్ ఇంటిపేర్లవాళ్లే. అయినా పాతికేళ్లలో వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు జ్యూరీలో కూర్చున్నట్టు రికార్డుల్లో లేదు. ఆ కోర్టు ఆవరణలోనే మగవాళ్లకు రెండు మరుగుదొడ్లు ఉండేవి. ఒకదానికి బోర్డు లేదు. రెండోదాని మీద 'కలర్డ్ మెన్' అనీ, దాని కిందే స్పానిష్‌లో 'మగవాళ్లు ఇక్కడ' అనీ రాసి ఉంది. ఇది వివక్షేనని, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ అనే రాజ్యాంగంలోని 14వ సవరణ వీళ్లకూ వర్తిస్తుందని చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్ రాశారు. న్యాయమూర్తులందరిదీ ఒకే మాట.

జూన్‌లో అదే దేశపు ఇమిగ్రేషన్ శాఖ 'ఆపరేషన్ వెట్‌బ్యాక్' మొదలుపెట్టింది. వెట్‌బ్యాక్ అంటే 'తడిసిన వీపు', సరిహద్దులోని రియో గ్రాండే నది ఈది వచ్చినవాళ్లను వెక్కిరిస్తూ పిలిచే తిట్టు అది. ఆ తిట్టునే సర్కారు తన కార్యక్రమానికి పేరుగా పెట్టుకుంది. సైన్యం నుంచి రిటైరై వచ్చిన జనరల్ జోసెఫ్ స్వింగ్ దాన్ని నడిపించారు. పొలాల్లో, వీధుల్లో పట్టుకుని బస్సుల్లో, రైళ్లలో, ఓడల్లో మెక్సికోకు తరలించారు. పది లక్షల మందికి పైగా పోయారని శాఖ చెప్పుకుంది. ఆ లెక్కను బాగా ఉబ్బించారని చరిత్రకారులు తర్వాత తేల్చారు. అమెరికా పౌరులూ కొందరు ఆ గుంపుల్లో కొట్టుకుపోయారు.

మొదటిది వివక్ష కేసు, రెండోది చట్టం అమలు అని విడదీసి చెప్పడం తేలికే. ఆ రోజుల్లో అక్కడ బతికినవాళ్లకు మాత్రం అవి వేరువేరుగా ఎదురుకాలేదు. అక్రమ వలస మీద చర్చ హిస్పానిక్ ప్రజల (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, లాటినోలని కూడా అంటారు) మీద ద్వేషాన్ని పెంచుతోందా అని ఇవాళ అడిగే ప్రశ్నకు జవాబు వెతకాలంటే, ఆ చర్చ ఒక జాతి ముఖం చుట్టూ ఎలా అల్లుకుందో చూడాలి. మొదట్లో అలా లేదు మరి.

అమెరికాతో యుద్ధంలో ఓడి, 1848లో గ్వాడలూపే హిడాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం పోగొట్టుకుంది. అక్కడ ఉన్న వేలాది కుటుంబాలు కదలకుండానే అమెరికాలోకి వచ్చేశాయి. వలస చట్టాల దృష్టి అప్పట్లో వాళ్ల మీద లేదు. 1882లో చైనీయులను ఆపారు. 1917లో మనదేశంతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపులు మూశారు. 1924లో దేశాలవారీగా కోటాలు పెట్టి దక్షిణ, తూర్పు యూరప్ జనాన్ని తగ్గించారు. ఆ కోటా మెక్సికోకు లేదు. టెక్సస్, కాలిఫోర్నియా పెద్ద రైతులకు కూలీలు కావాలి కాబట్టి లేదు. కానీ సరిహద్దు దాటాలంటే 8 డాలర్ల తల పన్ను, 10 డాలర్ల వీసా ఫీజు కట్టాలి, చదవడం వచ్చని నిరూపించుకోవాలి. అన్నేసి డాలర్లు లేని కూలీ పక్కదారిన వచ్చేవాడు. సరిహద్దు కాపలా దళం బోర్డర్ పెట్రోల్ పుట్టిందీ 1924లోనే.

అసలు మలుపు 1929లో వచ్చింది. మెక్సికోకూ కోటా పెట్టాలని పట్టుబట్టిన ఎంపీలకూ, కూలీలు ఆగితే మునిగిపోతామన్న రైతు లాబీకీ మధ్య పేచీ తెగలేదు. దక్షిణ కెరొలైనా సెనేటర్ కోల్‌మన్ బ్లీజ్ ఒక దారి చూపించారు. నల్లవాళ్లను మూకలు పట్టి చంపడాన్ని బహిరంగంగా సమర్థించిన మనిషి ఆయన. కోటా వద్దు, అనుమతి లేకుండా లోపలికి రావడాన్ని నేరం చేద్దాం అన్నది ఆయన పెట్టిన చట్టం. అంటే పనికి రమ్మన్నప్పుడు చూసీ చూడనట్టు వదిలేయొచ్చు, వద్దనుకున్నప్పుడు జైల్లో వేయొచ్చు. ఇరుపక్షాలకూ నచ్చింది. ఇవాళ సరిహద్దు దగ్గర పెట్టే కేసుల్లో ఎక్కువ భాగానికి ఆధారం ఆ చట్టం నుంచి వచ్చిన సెక్షన్లే.

వద్దనుకునే రోజు త్వరగానే వచ్చింది. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోగానే వేళ్లన్నీ మెక్సికన్ల వైపు తిరిగాయి. 1930 జనాభా లెక్కల్లో 'మెక్సికన్' అని ప్రత్యేక జాతిగా రాసుకున్నారు. నిరసన వచ్చాక 1940కి తీసేశారు. 1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్‌లోని లా ప్లాసితా పార్కును అధికారులు చుట్టుముట్టి, లోపలున్న సుమారు 400 మందిని కాగితాలు చూపించమన్నారు. ఆ దశాబ్దంలో బలవంతంగానో బెదిరింపులతోనో మెక్సికో వెళ్లిపోయినవాళ్లు ఎందరన్నది చరిత్రకారుల్లో తేలని లెక్క. 4 లక్షలనేవాళ్లూ ఉన్నారు, అంతకు ఎన్నో రెట్లు చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో సగానికి పైగా అమెరికాలో పుట్టినవాళ్లేనన్నది మాత్రం విస్తృతంగా ఒప్పుకునే మాట. 2005లో కాలిఫోర్నియా చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది. ఇక్కడ పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. ప్రభుత్వం వెతికింది కాగితాల్లేనివాళ్లను. కాగితం బయటికి కనపడదు, ముఖం కనపడుతుంది. కాబట్టి వెతుకులాట ముఖంతోనే మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం రాగానే మళ్లీ పిలుపు. 1942 నుంచి 1964 దాకా మెక్సికన్ కూలీలను రప్పిస్తూ నడిచిన బ్రసెరో పథకం కింద 46 లక్షల కాంట్రాక్టులు రాసుకున్నారు. బాగా నడిచిన ఏళ్లలో ఏడాదికి 4 లక్షల మందికి పైగా చట్టబద్ధంగా పనికి వచ్చి వెళ్లేవారు. కూలీల మీద దోపిడీ ఎక్కువైందని పథకం ఆపేశారు, అందులో న్యాయముంది. మరుసటి ఏడాది, 1965లో, జాతుల కోటాలు రద్దు చేస్తూ పెద్ద చట్టం వచ్చింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికా వెళ్లడానికి దారి తెరిచిన చట్టం అదే. కానీ అదే చట్టం అమెరికా ఖండాలన్నిటికీ కలిపి ఏడాదికి 1,20,000 అని మొదటిసారి గిరి గీసింది, 1968 నుంచి అమలు. 1976లో ఒక్కో దేశానికి 20,000 అన్నారు. పొలాలు అవే, పని అదే, వచ్చే ఊళ్లవాళ్లూ చాలావరకు వాళ్లే. మారింది వాళ్ల చేతిలోని కాగితం. కొన్నేళ్లలోనే పట్టుబడేవాళ్ల సంఖ్య ఆకాశాన్నంటింది, పత్రికలు 'దండయాత్ర' అని రాయడం మొదలుపెట్టాయి. ఆసియా వలసకు దారి తెరిచిన చట్టమే మెక్సికన్లను 'అక్రమం' చేసిందన్న ముక్క మన సంబరాల్లో ఎప్పుడూ వినపడదు.

1975లో సుప్రీంకోర్టు ముందుకు సూటి ప్రశ్న వచ్చింది: మెక్సికన్‌లా కనిపిస్తున్నాడని కారు ఆపొచ్చా? బ్రిగ్నోని పోన్స్ కేసులో కోర్టు చెప్పింది రెండు ముక్కలు. రూపం ఒక్కటే చూసి ఆపకూడదు. అయితే మిగతా కారణాలతో పాటు రూపాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. ఆ రెండో ముక్కే యాభై ఏళ్లుగా పని చేస్తోంది.

1986లో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టం దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, కాగితాల్లేనివాళ్లను పనిలో పెట్టుకుంటే యజమానికి జరిమానా అంది. వినడానికి బాగానే ఉంది. నాలుగేళ్ల తర్వాత అమెరికా పార్లమెంటు సొంత ఆడిట్ సంస్థ పరిశీలిస్తే, యజమానుల్లో సుమారు 10 శాతం మంది ఈ చట్టం పేరు చెప్పి రూపం, యాస చూసి జనాన్ని దూరం పెట్టడమో, అలాంటివాళ్లనే కాగితాలు అడగడమో చేస్తున్నట్టు తేలింది. వీళ్లలో అందరూ జాతి ద్వేషంతో చేశారనుకోనక్కర్లేదు. జరిమానా టెన్షన్ చాలు. ద్వేషం లేకుండానే వివక్ష ఎలా పుడుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే రిపోర్టు నాకు తెలిసి లేదు.

1994 కాలిఫోర్నియాలో ఇది ఎన్నికల సరుకైంది. గవర్నర్ పీట్ విల్సన్ మళ్లీ గెలవాలి. సరిహద్దు దగ్గర జనం కార్ల మధ్య పరుగెత్తే నలుపు తెలుపు దృశ్యాలు వేసి, 'వాళ్లు వస్తూనే ఉన్నారు' అని టీవీలో ప్రకటన ఇచ్చారు. అక్రమ వలసదారులకు బడి, వైద్యం ఆపేయాలంటూ జనం ముందు ఓటుకు పెట్టిన ప్రతిపాదన 187కు 59 శాతం ఓట్లు పడ్డాయి. ఫెడరల్ కోర్టు దాన్ని అమలు కానివ్వలేదు. కానీ చర్చ రూపం మారిపోయింది. ముగ్గురు రాజనీతి పరిశోధకులు 2013లో ప్రచురించిన పనిలో దీన్నే పట్టుకున్నారు. 1994 నుంచి వలస వార్తల్లో లాటినోల ప్రస్తావన మిగతా వర్గాలను దాటిపోయింది. ఆ తర్వాత తెల్లవాళ్లు వలసను వ్యతిరేకించడం వెనక, విదేశీయులందరి మీదా ఉండే అయిష్టం కంటే లాటినోల మీద అభిప్రాయమే ప్రధానమైంది.

దానికి ముందు, 2008లో వచ్చిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. జనానికి వలస మీద ఒక వార్త చదివించారు. కొందరి వార్తలో వలసదారు పేరు హోసే సాంచెజ్, కొందరిలో నికొలాయ్ వాండిన్‌స్కీ. వలస వల్ల నష్టమని చెప్పే వార్త హోసే బొమ్మతో వచ్చినప్పుడు తెల్లవాళ్లలో ఆందోళన, వ్యతిరేకత బాగా పెరిగాయి. అదే నష్టం గురించి నికొలాయ్ బొమ్మతో చెబితే అంత కదలిక లేదు.

దీనికి ఎదురు వాదన లేదని కాదు, అది గట్టిదే. 2015లో ప్రచురించిన మరో ప్రసిద్ధ అధ్యయనంలో, ఎవరిని రానివ్వాలని అడిగితే అమెరికన్లు ఏ దేశంవాడన్న దానికంటే చదువు, పని, ఇంగ్లిష్, గతంలో అక్రమంగా వచ్చాడా లేదా అన్నవే ఎక్కువ చూశారు. పైగా లాటినోలు కూడా ఈ విషయంలో ఎప్పుడూ ఒక్క మాట మీద లేరు. 1953లో మెక్సికన్ అమెరికన్ మాజీ సైనికుల సంఘం జీఐ ఫోరమ్ అక్రమ వలసకు వ్యతిరేకంగా పుస్తకమే వేసింది, అందులో ఆ తిట్టు మాటనే వాడింది. 1974లో రైతు కూలీల నాయకుడు సీజర్ చావెజ్ యూనియన్, సమ్మెలు విరగ్గొట్టడానికి యజమానులు తెచ్చిన అక్రమ కూలీలను ఇమిగ్రేషన్ వాళ్లకు పట్టివ్వమని ప్రచారం చేసింది. 2024 ఎన్నికల్లో, సర్వేలు చేసే ప్యూ సంస్థ లెక్క ప్రకారం హిస్పానిక్ ఓటర్లలో 48 శాతం మంది ట్రంప్‌కు వేశారు. వీళ్లందరినీ సొంత జాతి ద్వేషులంటే అర్థం లేదు. చట్టం అమలు కావాలనడం తప్పు కాదు. అమలు చేసేవాడి కన్ను ముందు ఎక్కడ పడుతుందన్నదే ఇక్కడ అసలు గొడవ.

అరిజోనా 2010లో చేసిన ఎస్‌బీ 1070 చట్టం పోలీసులను ఆ పనికి దింపింది. అనుమానం వస్తే హోదా అడగాలన్నారు. 2012లో సుప్రీంకోర్టు మూడు సెక్షన్లు కొట్టేసి దీన్ని మాత్రం ఉంచింది. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలో షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) జో అర్పాయో సిబ్బంది లాటినోలను జాతి చూసే ఆపుతున్నారని ఫెడరల్ కోర్టు తేల్చింది. అర్పాయో కోర్టు ధిక్కారం కింద దోషి అని తేలితే 2017లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. 2018లో ప్యూ అడిగితే, గడిచిన ఏడాదిలో వివక్షో, తిట్లో, 'మీ దేశం పో' అనడమో, స్పానిష్ మాట్లాడినందుకు మందలింపో ఎదురైందని లాటినోల్లో 38 శాతం మంది చెప్పారు. 2019 ఆగస్టు 3న ఒక యువకుడు ఎల్ పాసోలోని వాల్‌మార్ట్‌కు వెళ్లి కాల్పులు జరిపాడు, 23 మంది పోయారు. 'టెక్సస్ మీద హిస్పానిక్ దండయాత్ర' అని ముందే రాసిపెట్టాడు. అతను బయల్దేరింది డల్లాస్ శివారు ఆలెన్ నుంచి. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ ప్రాంతమది. తన అభిప్రాయాలు ట్రంప్ రాకముందు నుంచే ఉన్నాయని కూడా రాశాడు. ఆ మాట నమ్మినా, దండయాత్ర అనే మాట అతను కొత్తగా కనిపెట్టింది కాదు.

మనవాళ్లలో చాలామంది, 'మేం లైన్‌లో నిలబడి వచ్చాం, అది వాళ్ల గొడవ' అంటారు. 2022లో కాగితాల్లేని భారతీయులు 7 లక్షలకు పైనేనని ప్యూ అంచనా. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానంలో సంకెళ్లతో వచ్చిన 104 మంది మనదేశం వాళ్లే. లైన్‌లో నిలబడి వచ్చినవాళ్ల సంగతికొస్తే, 2017లో కాన్సస్‌లోని ఒలేథే బార్‌లో హైదరాబాదీ ఇంజినీరును కాల్చి చంపినవాడు ముందుగా అడిగింది ఏ వీసా మీద ఉన్నారని, చట్టబద్ధంగానే ఉన్నారా అని. బార్ నుంచి బయటికి పంపేస్తే తుపాకీతో తిరిగొచ్చాడు. ఆ ఇంజినీరునూ, పక్కనున్న స్నేహితుణ్నీ ఇరానియన్లనుకున్నాడు.

2025 వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో కార్ వాష్‌లు, బస్టాపులు, కూలీల అడ్డాల మీద ఇమిగ్రేషన్ దాడులు సాగాయి. జాతి, స్పానిష్ భాష, ఉన్న చోటు, చేసే పని, ఈ నాలుగే ఆధారంగా ఎవరినీ ఆపొద్దని జూలైలో ఫెడరల్ జడ్జి అన్నారు. సెప్టెంబర్ 8న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కనపెట్టింది. తుది తీర్పు కాదు, తాత్కాలికమే, మెజారిటీ కారణాలేవీ రాయలేదు. జాతి ఒక్కటే చాలదు గానీ ఒక అంశంగా చూడొచ్చని, చట్టబద్ధంగా ఉన్నవాళ్లను కాసేపు అడిగి వదిలేస్తారని జస్టిస్ కావనా విడిగా రాశారు. లాటినోలా కనిపించి, స్పానిష్ మాట్లాడి, తక్కువ జీతం పని చేస్తున్నట్టుంటే చాలు ఎవరినైనా పట్టుకోగల దేశంలో మనం బతకాల్సిన గతి పట్టకూడదని జస్టిస్ సోటోమయోర్ అసమ్మతి తెలిపారు. ఆ అక్టోబర్‌లో ప్రొపబ్లికా వార్తా సంస్థ లెక్క తీస్తే, ఇమిగ్రేషన్ ఏజెంట్లు పట్టుకుని ఉంచిన అమెరికా పౌరులు 170 మందికి పైగా తేలారు. కొందరిని ఒక రోజుకు పైగా ఇంటివాళ్లకు గానీ లాయరుకు గానీ ఫోన్ చేయనివ్వకుండా ఉంచారు.