చివరి జట్టుకు మొదటి వంతు

మా ఫాంటసీ లీగ్‌లో పది జట్లు. నిజం ఐపీఎల్ ఆటగాళ్లను ఎంచుకుని ఎవరి ఊహా జట్టు వాళ్లం కూర్చుకుంటాం; వాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు. అందరం భీమవరం, పాలకొల్లు, రాజోలు చుట్టుపక్కల వాళ్లమే. పైసా పందెం లేదు. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం చేసింది. మాకు కావలసింది ఐపీఎల్ రెండు నెలలూ కలిసి ఆడుకోవడం. అదే చెడేలా ఉందని ఇప్పుడు నియమాలు మారుస్తున్నాం.

పోయిన సీజన్ మధ్యలో అట్టడుగున ఉన్న మిత్రుడు తన మంచి ఫాస్ట్ బౌలర్‌ను మొదటి స్థానంలో ఉన్న జట్టుకు ఇచ్చేశాడు. బదులుగా తీసుకున్నది ఒక్క మ్యాచ్ కూడా ఆడని వికెట్ కీపర్‌ని. "నేనెలాగూ గెలవను, వాడైనా గెలవనీరా" అన్నాడు. రెండో స్థానంలో ఉన్నవాడికి ఒళ్లు మండింది. తర్వాతి వారానికి ముగ్గురు కెప్టెన్‌ని మార్చడం కూడా మానేశారు. లీగ్ చచ్చిపోయేది ఇలాగే.

ఈ తలనొప్పి పాతదే. 1935లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్ ఒక ప్రతిపాదన పెట్టాడు. కాలేజీల నుంచి వచ్చే ఆటగాళ్లను ఎంచుకోవడంలో అందరికన్నా కింద ఉన్న జట్టుకే మొదటి వంతు ఇవ్వాలని. డబ్బున్న జట్లే మంచివాళ్లను ఎగరేసుకుపోతుంటే ఆయన జట్టు ఓడిపోతూ ఉండేది. ఇలా వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడాన్నే డ్రాఫ్ట్ అంటారు; తొలి డ్రాఫ్ట్ 1936లో జరిగింది. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన స్నేహితులు బేస్‌బాల్‌తో మొదలుపెట్టిన ఫాంటసీ లీగ్‌ది ఇంకో దారి: వేలం. జట్టుకు ఇంతే డబ్బు అని పరిమితి, అందులోనే అందరినీ కొనుక్కోవాలి. ఒక స్టార్ మీద కుమ్మరిస్తే మిగతా చోట్ల సర్దుకోవాల్సిందే. ఐపీఎల్ పర్సుదీ, అంటే వేలంలో జట్టు ఖర్చుపెట్టగల మొత్తానిదీ, ఇదే లెక్క. 2025 సీజన్‌కు జట్టుకు 120 కోట్లు. నన్నడిగితే వేలమే అన్నిటికన్నా న్యాయం. కానీ షిఫ్టుల్లో పనిచేసే పదిమందిని ఒక పూటంతా కూర్చోబెట్టడం మావల్ల కాలేదు.

అందుకే డ్రాఫ్ట్. మొదటి ఏడాది తెలియక ప్రతి రౌండూ ఒకటి నుంచి పది వరకే నడిపాం. పదోవాడికి ప్రతిసారీ మిగిలిందే దక్కింది. మా పొలం కాలవ శివారులో ఉంది కాబట్టి వాడి బాధ నాకు బాగా తెలుసు. దాళ్వాలో నీళ్లు తగ్గితే ఎగువ చేలు తడిశాకే మా వైపు చుక్క వస్తుంది. వంతులు పెడితేనే మా నారు నిలుస్తుంది. మరుసటి ఏడాది నుంచి రెండో రౌండ్‌ను పది నుంచి ఒకటికి తిప్పాం. పదోవాడికి వరసగా ఇద్దరు వచ్చారు. ఎవరికైనా గాయమైతే బదులు ఆటగాణ్ని తీసుకునే హక్కు కూడా ముందు కిందివాడికే.

చివరివాడికి మొదటి వంతు ఖాయమైతే కావాలనే ఓడిపోయేవాళ్లూ ఉంటారు. ఆ అనుమానంతోనే బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 1985లో లాటరీ పెట్టింది. మేమూ కింది నలుగురికి చీటీలు తీయాలనుకున్నాం. సీజన్ సగం దాటాక ట్రేడ్‌లు, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిళ్లు, బంద్; అంతకుముందు చేసే ట్రేడ్‌కు, సంబంధం లేని ఐదుగురు ఒప్పుకోవాలి.

బౌలర్‌ను ఇచ్చేసిన మిత్రుడు ఈసారి ఆడనన్నాడు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లి చాలాసేపు మాట్లాడాం. చివరికి, చీటీలు తన చేతే తీయిస్తే వస్తానన్నాడు.